మూడు పిడికిళ్ల చదువు

పోయిన ఏడాది క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు అంతోనయ్య ఇంటి ముందుగది ఖాళీ అయింది. ఏడాది పొడుగునా నడిచిన పంచాయితీకి మొదలు అదే.

ఆ గదిలో పదకొండేళ్లు ఒక టైలరు కిరాయికి ఉన్నాడు. అతను కుట్టుమిషన్ ఆటోకెత్తించుకుని సత్తుపల్లి దారి పట్టగానే అంతోనయ్య గదిని అడుగులతో కొలిచాడు. ఎనభై బస్తాల చింతపండు పడుతుంది. గోడకు ఆనకుండా, కింద చెక్కలేసి పేర్చినా డెబ్బై రెండుకు తగ్గదు. ములకలపల్లి రోడ్డు మీద అంతోనయ్యతో కలిపి చింతపండు, ఎండుమిర్చి కొనే వ్యాపారులు నలుగురున్నారు. వాన తగలని, ఎలుక చొరబడని, లారీ ఆగేచోటికే తలుపున్న గది నలుగురిలో ఒక్కడికీ లేదు. ఆయన పెరట్లో రేకుల షెడ్డు ఉందిగానీ, అందులో పెట్టిన చింతపండు ఆగస్టు దాటేసరికి నల్లబడి, కొనడానికి వచ్చినవాడి మొహాన్ని కూడా నల్లబరుస్తుంది.

ఆయన వెనకే భార్య ఇన్నమ్మ వచ్చింది. ఆమె నేలవంక చూడలేదు. రోడ్డు వైపున్న వెడల్పాటి కిటికీని చూసింది.

"ఈడ కుర్చీ ఏసుకుంట. పక్కన అల్మారా. ఎలుగు బాగున్నది, చదువుకోవచ్చు," అన్నది.

ఇన్నమ్మ చదువు ఏడో తరగతితో ఆగింది. చదవడం మాత్రం ఆగలేదు. ఊరి లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చి పొయ్యి దగ్గర చదువుతుంది, బస్తాల మీద కూర్చుని చదువుతుంది. చర్చిలో ఫాదరు ప్రసంగం పొడుగైతే పాటల పుస్తకం చాటున పెట్టుకునీ చదువుతుంది. పైనున్నాయనకు తెలుసు, ఫాదరుకు తెలియదు.

"బుక్కులు చదివితే ఏమొస్తదే? బస్తా పావుకిలో ఎక్కువ తూగుద్దా?" అన్నాడు అంతోనయ్య.

"చదివినోళ్లు అడగాలె ఆ మాట. నువ్వు ఒక్కటన్న చదివినవా?"

"అదేమన్న బ్రహ్మవిద్యా? మొదలు పెడితే ఏడాదికి యాభై అవతల పడేస్త."

ఎరువుల కొట్టు గోపాలు అప్పుడే చాయ్‌కని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఈ ఊళ్లో గొడవ పొగ కనపడకముందే వాసన పట్టే మనిషి. "యాభయ్యా అన్నా? నేను సాక్షి," అన్నాడు.

అట్లా బేరం కుదిరింది. వచ్చే క్రిస్మస్‌లోపు అంతోనయ్య యాభై పుస్తకాలు చదివితే గది చింతపండుకు. చదవకపోతే కుర్చీకీ అల్మారాకూ. అప్పటిదాకా గదికి తాళం. పుస్తకాలు తెచ్చేదీ, తిరిగిచ్చేదీ ఇన్నమ్మే.

మొదటి పుస్తకం ఆమె కొంగుతో తుడిచి చేతికిచ్చింది. అంతోనయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి, అరచేతిలో పెట్టి తూకం చూశాడు. మొదటి పేజీ నుంచి చదవబోయి ఆగాడు. ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఒక్క బస్తా అయినా మొత్తం కుమ్మరించి చూశాడా? పైన ఒక పిడికిలి, నడుమ ఒక పిడికిలి, అడుగున ఒక పిడికిలి. మూడు పిడికిళ్లలో సరుకు జాతకమంతా తెలుస్తుంది. ఖమ్మం మార్కెట్టు మొత్తం అట్లాగే నడుస్తోంది. పుస్తకానికి మాత్రం వేరే న్యాయం ఎందుకు? మొదట్లో నాలుగు పేజీలు, నడుమ నాలుగు, చివర నాలుగు చదివి పక్కన పెట్టాడు. అందులో మోసం ఏమీ కనపడలేదు ఆయనకు. పద్ధతి కనపడింది.

పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసింది. ఒక ప్రేమ నవల తీశాడు. మొదటి పిడికిట్లో పిల్ల బావి దగ్గర ఏడుస్తోంది. నడుమ పిడికిట్లో రైల్లో ఏడుస్తోంది. అడుగు పిడికిట్లో పెళ్లిపీటల మీద ఏడుస్తోంది. తేమ ఎక్కువ, రెండో రకం. హత్య నవల తీస్తే చంపినవాడు అడుగు పిడికిట్లోనే దొరికిపోయాడు, పై రెండూ దండగ. జీవితంలో పైకి రావడమెట్లా అని ఒక కోటు మనిషి రాసిన పుస్తకంలో మూడు చోట్లా ఒకే మాట ఉంది. కల్తీ లేదు, కాకపోతే సరుకూ లేదు. కవిత్వం సంచి పెద్దదిగానీ లోపల గాలి ఎక్కువ. చర్చి పునీతుల జీవితాలైతే అడుగు పిడికిట్లో అందరూ చచ్చిపోతారు, కానీ నిల్వకు ఆగే సరుకు. జూన్ వచ్చేసరికి ఇరవై ఆరు పుస్తకాలు దాటాయి. ముందుగదికి చెక్కలు కోయించడానికి వడ్రంగితో మాట్లాడి పెట్టాడు కూడా.

జులైలో ఇన్నమ్మ అట్టలేని పుస్తకం ఒకటి తెచ్చింది. పేరున్న పేజీ కూడా లేదు. రోడ్డు మీద చినుకు ఆగడం లేదు, కొట్టుకు నరమానవుడు రావడం లేదు. అంతోనయ్య పై పిడికిలి చూశాడు. ఒక బండివాడు. నడుమ పిడికిలి చూశాడు. ఆ బండివాడు ముప్పై బస్తాల ఎండుమిర్చి కొని, నడి వానాకాలంలో, పైకప్పు లేని ఎడ్లబండి మీద అడవి దాటించబోతున్నాడు.

అంతోనయ్యకు ఒళ్లు మండింది. టార్పాలిన్ పట్టా కప్పితే మాత్రం? కింది నుంచి చెమ్మ ఎక్కదా? మూడో రోజుకు బూజు, ఐదో రోజుకు పేడ. రాసినవాడు మిర్చి కారం తిన్నాడేగానీ మిర్చి మొహం చూసి ఉండడు. వీడు ఎక్కడ మునుగుతాడో చూద్దామని అడుగు పిడికిలికి వెళ్తే అక్కడ అడుగే లేదు. చివరి పేజీలు ఎవరో చింపుకుపోయారు.

అడుగు తెలియని బస్తాను వదలడం ఆయనకు చేతకాదు. నడుమ నుంచి ముందుకు చదివాడు. బండివాడి పెళ్లాం ఊరిబడి వరండాలో బస్తాలు దింపించి, నిప్పుల కుంపట్లు పెట్టించింది. ఆ తెలివి ఆమెకెట్లా వచ్చిందో తెలియాలంటే వెనక్కి పోవాలి. వెనక్కి పోయి మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఒకచోట పేజీల వెన్నులో ఇరికి ఎండిన లేత తునికాకు దొరికింది. బీడీలు చుట్టే మనిషెవరో చదివి గుర్తు పెట్టుకున్నట్టుంది అనుకుని, తన గుర్తుకూ దాన్నే వాడుకుని, చివరికి చొక్కా జేబులో వేసుకున్నాడు. నాలుగు రోజులు పట్టింది. ఆఖరున బండి ఏటి ఒడ్డుకు చేరింది. ఆమె పట్టా ఎత్తి, బస్తా నోరు విప్పి, లోపలికి చెయ్యి పెట్టింది. అక్కడితో పేజీలు అయిపోయాయి.

పిడికిట్లో ఏమొచ్చింది? ఎండుమిర్చా, బూజా?

ఇన్నమ్మను అడిగితే దీని ఒక్కదాని మీదే ఇంత ఆరా ఎందుకంటుంది. ఆ ఆరాలో మిగతావి ఎట్లా చదివాడో బయటపడుతుంది. అందుకని ఆమెకు తెలియకుండా లైబ్రరీకి పోయి, అక్కడ పనిచేసే శ్రావణిని ఇంకో కాపీ ఉందా అని అడిగాడు.

"పేరేంది బాబాయ్?"

"పేరు తెలిస్తే నిన్నెందుకు అడుగుత అమ్మా?"

"పేరు లేని పుస్తకానికి కాపీ ఏడ వెతకాలె," అని ఆ పిల్ల నవ్వింది. అంతోనయ్య నవ్వలేదు. ఆ వారమంతా అన్నంలోకి పచ్చడి వేసుకున్నప్పుడల్లా ఆ బస్తాలే గుర్తొచ్చాయి.

డిసెంబరులో శ్రావణి ఏటా ఒక పని పెడుతుంది. చర్చిలో ఆదివారం పూజ అయ్యాక లైబ్రరీ వరండాలో ఊళ్లో చదివేవాళ్లంతా కూర్చుంటారు. ఆ ఏడు ఏమేం చదివారో, ఏది బాగుందో ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. ఈసారి అంతోనయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు బెంచీలో కూర్చున్నాడు. ముందుగది తాళంచెవి ఇన్నమ్మ నడుముకుంది. సాక్షి గోపాలు పల్లీల పొట్లంతో సహా హాజరయ్యాడు.

అంతోనయ్య వంతు రాగానే లేచి, యాభై పుస్తకాలనూ మిర్చి రకాల్లాగా విడగొట్టి చెప్పాడు. మొదటి రకం ఏడు, రెండో రకం ఇరవై రెండు, మిగిలింది తాలు. ఏడుపు నవలలో తేమ సంగతి చెబితే స్కూలు టీచర్లు కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు. కవిత్వంలో గాలి సంగతికి కవిత్వం రాసే టీచరు ఒక్కడే నవ్వలేదు.

"మరి అన్నిట్లో నీకు నచ్చింది ఏది బాబాయ్?" అని అడిగింది శ్రావణి.

అక్కడ ఆయన కూర్చుని ఉండాల్సింది. కూర్చోలేదు. అట్టలేని పుస్తకం ఎత్తుకున్నాడు. బండివాడి తెలివితక్కువతనం చెప్పాడు, ఎడ్ల పేర్లు చెప్పాడు, బడి వరండాలో కుంపట్లు ఎన్నో చెప్పాడు, ఏ రాత్రి ఏ బస్తా తడిసిందో చెప్పాడు. మిగతా నలభై తొమ్మిదింటికి ఐదు నిమిషాలు పడితే దీనికి ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యలో బండివాణ్ని రెండుసార్లు తిట్టాడు.

ఆయన కూర్చున్నాక ఇన్నమ్మ లేచింది. చేతిసంచిలోంచి తునికాకు కట్ట ఒకటి తీసి ఆయన ఒళ్లో పెట్టింది.

"లెక్కపెట్టు."

ఇన్నమ్మ చిన్నప్పుడు తల్లితో అడవికి పోయి ఆకు కోసిన మనిషి. కట్టకు యాభై ఆకులు. కళ్లు మూసుకుని కట్టినా ఆమె చేతికి యాభై తప్పదు. అంతోనయ్య లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"నలభై తొమ్మిదే ఉన్నయ్. తక్కువ కట్ట ఆకులు కొనే కల్లంలో ఎవడు తీసుకుంటడే?" అన్నాడు అలవాటు కొద్దీ.

"అవ్, ఎవరూ తీసుకోరు. నేనూ తీసుకోను. నీకిచ్చిన ప్రతి బుక్కులో మొదటికీ నడిమికీ మధ్యన ఒకాకు వెన్నుదాకా నెట్టి పెట్టిన. చదివినోడికి దొరుకుద్ది. చదవనోడికి ఆడనే ఉంటది. వాపసు ఇచ్చేటప్పుడు చూస్తే నలభై తొమ్మిది పెట్టింది పెట్టినట్టే ఉన్నయ్. మిగిలినదొకటి జులైల నీ చొక్కా ఉతుకుతుంటే జేబుల నాని ముద్దయి దొరికింది."

అంతోనయ్య ఆకుల కట్ట ఎత్తి అందరికీ చూపించాడు.

"గిది మోసం. బస్తాల రాయి పెట్టినట్టు."

"రాయి పెడితే తూకంల పట్టుకుంటవని ఆకు పెట్టిన."

"మూడు పిడికిళ్లతోనే కదనే ముప్పై ఏళ్లు కొన్నది. ఒక్క బస్తన్న తప్పు పోయిందా?"

"కొన్నవ్. తిన్నవా?"

అంతోనయ్య చేతిలోని కట్టను పైన ఒకసారి, నడుమ ఒకసారి, అడుగున ఒకసారి తడిమాడు. 

"అన్నా, యాభైకి ఒకటి," అన్నాడు గోపాలు పల్లీపొట్టు ఊదేస్తూ. "గది వదినది. నేను ఏడాది నుంచి ఈ ఒక్క మాట కోసమే చాయ్ తాగుతున్న."

వ్యాపారి ఓడిపోయాక కూడా బేరం మానడు. ఇంటికి పోయే దారంతా ఆయన ఒకే మాట మీద నిలబడ్డాడు. ఒకటి చదివిన మాట నిజమే కదా, ఒక పుస్తకానికి ఒక బస్తా అయినా పడాలి. చర్చి మలుపు దగ్గర ఇన్నమ్మ ఆగింది.

"సరే. చదివిన బుక్కుకు ఒక బస్తా. ఇప్పుడు ఒకటే. ఇంక పెట్టుకోవాలంటే ఇంక చదువు. కుర్చీ జోలికి, కిటికీ జోలికి రావొద్దు."

"డెబ్బై రెండు చదివితే?"

"డెబ్బై రెండు చదివినోనికి గదేం ఖర్మ, ఇల్లే రాసిస్త."

ఇప్పుడు ముందుగదిలో ఒక కుర్చీ, ఒక అల్మారా, వాటికి ఎదురుగా ఒంటరిగా ఒక చింతపండు బస్తా ఉన్నాయి. లారీవాళ్లు వచ్చి ఒక్క బస్తాకు ఇంత గదా అని అడుగుతారు. అంతోనయ్య దాని మీద కూర్చుని ఉంటాడు కాబట్టి లేచి సమాధానం చెప్పడు.

"బూజే వచ్చి ఉంటది. ఆరు రోజుల వాన," అన్నాడు ఒకరోజు ఉన్నట్టుండి.

ఇన్నమ్మ ఏ బస్తాల గురించి అని అడగలేదు. "ఎండినయే. చెయ్యి పెట్టకముందే ఆమె నవ్వింది."

"ఏడ నవ్వింది? నేను చూడలే."

"పట్టా ఎత్తేటప్పుడు. నీ కళ్లు బస్తాల మీదున్నయ్, మనిషి మొహం ఏడ చూసినవ్?"

అంతోనయ్య బస్తా మీంచి ముందుకు వంగాడు. ఆ పుస్తకం మళ్లీ తెస్తే రెండో బస్తా కింద లెక్కకొస్తుందా అని అడిగాడు. రాదన్నది. అయినా తెమ్మన్నాడు. ఈలోగా ఆమె కొత్త పుస్తకం ఒకటి కొంగుతో తుడిచి అందించింది. ఆమె కిటికీవైపు తిరగగానే ఆయన చప్పుడు కాకుండా పేజీల వెన్నులు ఒక్కొక్కటే వేలితో తడుముకుంటూ పోయాడు. ముప్పై ఒకటో పేజీలో ఆకు దొరికింది. తీసి జేబులో వేసుకున్నాడు. రెండో బస్తా ఎక్కడ పెట్టాలో నేలవంక చూసుకుంటున్నాడు.

"ఈసారి ఒకటి పెట్టలే," అన్నది ఇన్నమ్మ తన పుస్తకంలోంచి తల ఎత్తకుండా. "ఆకుల మీద నా చేత్తో రాసిన మాటలున్నయ్. వరసగా చదివితేనే అర్థమైతయ్. చివరాకు మీద ఏమున్నదో చెప్పినంక బస్తా తెచ్చుకో."

అంతోనయ్య జేబులోంచి ఆకు తీసి చూశాడు. దాని మీద బాల్‌పెన్నుతో, "మొదటి నుంచి," అని ఉంది.

బస్తా మీద సర్దుకుని కూర్చుని, మొదటి పేజీ తిప్పాడు.