కొత్త డిస్కు, రాజుగారి నెమలి

వీడియో చూస్తే చాలు, ఏ పనైనా చేసిపారేస్తానని మా అన్నయ్యకు మహా ధీమా. కంప్యూటర్లు బాగుచేసి బతికే చెల్లెల్ని నేను పక్క వీధిలోనే ఉన్నా, వదిన ఎంబ్రాయిడరీ మిషన్‌ను నడిపే కంప్యూటరుకు కొత్త డిస్కు తనే బిగించి, విండోస్ మొత్తం అందులోకి కాపీ చేశాడు. నడిచింది. మీసం మెలేసి, పాత డిస్కు ఊడదీసి, సినిమాలు దాచుకోవడానికి శుభ్రంగా చెరిపేశాడు. మర్నాడు పొద్దున స్విచ్చి వేస్తే నల్లటి తెర మీద ఒకటే మాట: బూట్ డిస్కు లేదు.

నేను వెళ్ళేసరికి వదిన ఒళ్ళో కోటు పెట్టుకుని కూర్చుంది. సాయంత్రం నాటకంలో రాజుగారు వేసుకోవాల్సిన కోటు. దాని వీపు మీద నెమలి కుట్టాలి. ఆ నెమలిని వదిన నెలల తరబడి గీసుకుంది. దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ ఈ ఒక్క కంప్యూటరులోనే ఉంది, అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

"విండోస్ మళ్ళీ వేసేద్దామా?" అన్నాడు అన్నయ్య.

"వేస్తే సాఫ్ట్‌వేర్ పోతుంది. కాసేపు నోరు మూసుకుంటావా?" నాకు ఒళ్ళు మండిపోయింది. "పాత డిస్కు తీయకుండానే నడిపి చూశావు కదూ?"

"అవును. భేషుగ్గా నడిచింది."

"దాన్ని లేపింది పాత డిస్కే. విండోస్‌ని లేపే చిన్న బూట్ భాగం అందులోనే ఉండిపోయింది. సామానంతా కొత్తింటికి చేర్చి, తాళంచెవి పాతింట్లో మరిచిపోయావు. పైగా ఆ ఇల్లు కూల్చేశావు."

"అయితే ఇక లేవదా?" అంది వదిన.

"ఎందుకు లేవదు వదినా? కొత్త తాళంచెవి చేద్దాం."

పెన్‌డ్రైవ్‌తో కంప్యూటరు లేపి, కొత్త డిస్కు చివర కాస్త చోటు ఖాళీ చేసి, బూట్ భాగం తయారుచేశాను. విండోస్ ఎప్పుడూ C అనే భాగంలోనే కదా ఉంటుందని, అక్కణ్ణుంచి ఫైళ్ళు తెచ్చి రాయమని ఆదేశం కొట్టాను. కుదరదంది కంప్యూటరు. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే. పళ్ళు నూరుతూ ఒక్కో భాగం తెరిచి చూస్తే, విండోస్ D లో కూర్చుని ఉంది. పెన్‌డ్రైవ్‌తో లేపినప్పుడు ఈ అక్షరాలు తారుమారవుతాయని ఊరందరికీ చెప్పేదాన్ని నేనే! D అని కొట్టాను. ఫైళ్ళు రాసేశానంది.

పెన్‌డ్రైవ్ పీకి స్విచ్చి నొక్కాను. తెర మీద విండోస్ బొమ్మ వెలిగింది.

"లేచింది!" వదిన కేకకు పక్కింటివాళ్ళు కిటికీలోంచి తొంగిచూశారు. నేనూ అరిచాను, సిగ్గేమిటి?

అసలు బట్ట మీద సూది దించేముందు గుడ్డముక్క మీద నాలుగు అక్షరాలు కుట్టి చూడడం వదిన అలవాటు. ఆ రోజూ కుట్టింది. ముక్క కత్తిరించి, అన్నయ్య చొక్కా జేబుకు పిన్నుతో గుచ్చి, కోటు మిషన్‌కు ఎక్కించింది.

సాయంత్రం రాజుగారు వేదిక మీద వెనక్కి తిరగగానే నెమలి తళుక్కుమంది. హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది మా అన్నయ్యే. అతని జేబు మీద ఎర్రదారంతో కుట్టిన మాట ఇంకా అలాగే ఉంది: "ముందు చెల్లెల్ని పిలవాలి."