ఎవరి వంతు

ఐదు రోజుల్లో మూడోసారి ట్యాంకు నిండింది.

స్టవ్ పక్కన గోడకున్న చిన్న ప్యానెల్‌లో నాలుగు దీపాలూ వెలిగాయి. అంటే టాయిలెట్ నీళ్ళు చేరే ట్యాంకులో ఇక చుక్క పట్టదని అర్థం. ఈ ఆర్‌వీని, అంటే ఇల్లులాంటి ఈ బండిని, అద్దెకిచ్చిన తెల్లాయన, ఆరుగురికి ఆ ట్యాంకు నాలుగు రోజులు ఢోకా లేకుండా వస్తుందని చెప్పి పంపించాడు. ఆరుగురూ మగ్గు వాడితే ఎన్నాళ్ళొస్తుందో పాపం ఆయనకేం తెలుసు! మిస్సిసాగాలో బయల్దేరేటప్పుడు పచ్చళ్ళకన్నా ముందు సర్దుకున్నది మగ్గే మరి.

బయట జల్లు పడుతోంది. స్ప్రూస్ చెట్ల మధ్య పొగమంచు కదలకుండా నిలబడింది. అందుకే ఆ పొద్దున ఆరుగురూ లోపలే ఇరుక్కుని కూర్చున్నారు. సుబ్బరాజు ప్యానెల్ వంక చూశాడు, తర్వాత కొమరయ్య వంక చూశాడు.

"కొమరయ్యా, నీ డ్యూటీ పడింది. ఈ పనికి నిన్ను మించినవాడు లేడయ్యా. మీకు వంశపారంపర్యంగా వచ్చిన ఎక్స్‌పీరియన్స్ కదా!"

అని పెద్దగా నవ్వాడు. అతని అత్తగారు జానకమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. భార్య మృదుల తల ఎత్తకుండా ఉప్మా కలుపుతూ ఉండిపోయింది. కొమరయ్య కూడా నవ్వాడు. నవ్వి, తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

కొమరయ్య భార్య రాధికకు ఒళ్ళు మండింది. సుబ్బరాజు అన్నందుకు ఒక మంట, తన మొగుడు నవ్వినందుకు దానికి రెట్టింపు మంట.

డ్రైవర్ సీటు పైనున్న బెర్తులోంచి పదమూడేళ్ళ రిషిత తల బయటికి పెట్టి, హెడ్‌ఫోన్స్ పక్కకు జరిపింది. "వాట్ ఎక్స్‌పీరియన్స్, డాడ్?"

"ఏం లేదు బిడ్డా. ఇంజనీరింగ్ ముచ్చట," అన్నాడు కొమరయ్య.

రిషితకు నిజంగానే ఏమీ తెలియదు. తాత గవర్నమెంట్ ఉద్యోగం చేసేవాడని మాత్రం తెలుసు. అసలు ఏం పని చేశాడో వీళ్ళు ఎప్పుడూ చెప్పలేదు. ఆ తాత మున్సిపాలిటీలో ముప్పై ఏళ్ళు మోరీల్లో దిగి మురుగు తీశాడు. ఇంటికొచ్చి సబ్బుతో రెండుసార్లు స్నానం చేస్తే గానీ కొడుకును ముట్టుకునేవాడు కాదు. ఆ చేతులతోనే కొడుకును ఇంజనీరింగ్ దాకా చదివించాడు. మూడేళ్ళ కింద ఆయన పోయినప్పుడు, పలకరించడానికి వచ్చిన సుబ్బరాజు దగ్గర కొమరయ్య ఈ మాటలన్నీ చెప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. కెనడాలో ఇంకో మనిషికి చెప్పలేదు. ఒకే ఆఫీసు, పన్నెండేళ్ళ స్నేహం, సొంత అన్నలాంటివాడని నమ్మి చెప్పాడు. ఆ ఏడుపును ఇన్నాళ్ళు దాచుకుని, ఇవ్వాళ ఉప్మా టైముకు జోకు చేసి వడ్డించాడు పెద్దమనిషి.

ఇంకో నిమిషంలో ఆ జోకు అర్థమేమిటో ఎవరో ఒకరు పిల్లకు చెప్తారు. తాత గురించి తన కూతురు మొదటిసారి వినబోయేది ఇంకొకరి నోట, నవ్వుతో కలిపి.

న్యూ బ్రన్స్‌విక్‌లో సముద్రం ఒడ్డునున్న ఈ క్యాంపుకు రావాలన్నది సుబ్బరాజు ఆలోచనే. రెండు కుటుంబాలూ కలిసి ఒకే బండిలో పోదామన్నాడు. ఇక్కడి చోట్లకు కరెంటూ మంచినీళ్ళూ ఉంటాయి గానీ మురుగు పైపు ఉండదు. ట్యాంకు నిండినప్పుడల్లా బండిని గేటు దగ్గరున్న డంప్ స్టేషన్‌కు తీసుకుపోయి, లావుపాటి గొట్టం తగిలించి, ఖాళీ చేసుకోవాలి. మగవాళ్ళిద్దరూ వంతులేసుకుందామని బయల్దేరే ముందే అనుకున్నారు. మొదటిసారి, నేను వీడియో చూసిన, నేనే చేస్తనని కొమరయ్య దిగాడు. రెండోసారి సుబ్బరాజుకు నడుం పట్టేసింది. మూడోసారికి వంతన్న మాటే లేకుండా పోయింది.

దారిలోనే జానకమ్మ ఆరా తీసింది. "మీ ఇంటిపేరేంటమ్మా? మీ మావగారేం చేసేవారు?"

"మున్సిపాలిటీల చేసేటోరు ఆంటీ."

"ఆఫీసులోనా, బయటా?"

రాధిక జవాబు చెప్పేలోపు ముందు సీట్లోంచి సుబ్బరాజు, "బయటేలెండి అత్తయ్యగారూ," అన్నాడు. జానకమ్మ ఊఁ అని కిటికీ వైపు తిరిగింది.

క్యాంపుకు చేరిన రోజు రాధిక ఉల్లిపాయలు తరగబోతే మృదుల ఆమె చేతిలోంచి కత్తి తీసుకుంది. "నువ్వు రోజూ ల్యాబ్‌లో నిలబడి నిలబడి అలిసిపోతావు కదా, వంట జోలికి రాకు. నేనూ అమ్మా చూసుకుంటాం. నువ్వు రెస్ట్ తీసుకో." రాధిక పొంగిపోయింది. పెళ్ళయ్యాక వారం రోజులు పొయ్యి ముట్టని సెలవు ఆమెకు ఇదే మొదటిది. కూతుర్ని తీసుకుని ఒడ్డుకు పోయింది. అక్కడ సముద్రం రోజుకు రెండుసార్లు వెనక్కి తగ్గి, ఎర్రటి బురద నేలను అంత దూరం బయటపెడుతుంది. తల్లీకూతుళ్ళు చెప్పులు విప్పి ఆ బురదలో నడిచారు. మృదుల ఎంత మంచిదో అని దారంతా కూతురితో చెప్పింది కూడా. రెండో రోజు మంచినీళ్ళ క్యాన్ మీద చెయ్యి వేస్తే, "నేనిస్తాను, నువ్వు కూర్చో" అని జానకమ్మ పరుగెత్తుకొచ్చింది. మూడో రోజు కాస్త ఉప్పు అందివ్వబోయినా వద్దన్నారు. అప్పుడు తెలిసింది, అది రెస్ట్ కాదని. తన చెయ్యి పడితే వాళ్ళకు అన్నం సయించదు. తన మొగుడి చేతులు మాత్రం వాళ్ళందరి దొడ్డికీ పనికొస్తాయి.

రెండోసారి ట్యాంకు ఖాళీ చేసి వచ్చిన రోజే మొగుణ్ణి చెట్ల వెనక్కి పిలిచి అడిగింది. "నీకేమన్నా రాసిపెట్టి ఉందా?" కొమరయ్య చేతులు తుడుచుకుంటూ, "ఊకో రాధికా, వారం రోజుల ముచ్చటే," అన్నాడు. ఎప్పుడూ అదే మాట. ఆఫీసులోనూ అదే, కాలేజీలోనూ అదే అయి ఉంటుంది.

ఇప్పుడు కొమరయ్య తాళంచెవి అందుకోబోతుంటే రాధిక లేచి దాన్ని చేతిలోకి తీసుకుంది.

"ఈసారి వంతు మీది, రాజుగారూ."

"అయ్యో, నా నడుం సంగతి నీకు తెలుసుగా అమ్మా."

"తెలుసు. నిన్న రెండు గంటలు కయాక్ పడవ నడపలే? అప్పుడేడ పోయింది ఆ నడుం నొప్పి?"

సుబ్బరాజు మొహంలో నవ్వు సగంలో ఆగింది. మృదుల గరిటె పక్కన పెట్టింది. "రాధికా, ఇంత చిన్నదానికి గొడవెందుకు చెప్పు?"

"చిన్నదే కద? మీ ఆయన్నే చెయ్యమను మరి."

"సరేలే తల్లీ, చేస్తాను. ప్రాణం పోదులే," అన్నాడు సుబ్బరాజు, సరదాగా తీసుకున్నట్టు చేతులెత్తి.

కొమరయ్య వానలో దిగి కరెంటు తీగ పీకి, నీళ్ళ గొట్టం చుట్టి, వచ్చి స్టీరింగ్ పట్టుకున్నాడు. బండి చెట్ల మధ్యనుంచి మెల్లగా కదిలింది. రాధిక అతని వీపు వంక చూస్తూ కూర్చుంది. ఆ వీపును పట్టుకుని ఒక్క ఊపు ఊపాలనిపించింది.

గేటు దగ్గర వాళ్ళకన్నా ముందు రెండు బళ్ళున్నాయి. వంతు వచ్చేసరికి వెనకాల ఒక ట్రక్కు వచ్చి ఆగింది, అందులో ఒక ముసలామె. సుబ్బరాజు గొడుగు వేసుకుని దిగాడు. బండి పక్కనున్న అర తలుపు తీసి, గొట్టాన్నీ దాని మీద పెట్టిన రబ్బరు గ్లోవ్స్‌నూ చూశాడు. గ్లోవ్స్‌ను ఒక పుల్లతో కొంచెం కదిలించాడు. కొమరయ్య, రాధిక, రిషిత కూడా దిగి పక్కన పిక్నిక్ బల్ల దగ్గర నిలబడ్డారు.

అప్పుడు కిటికీ అద్దం జరిగింది. జానకమ్మ తల బయటపెట్టింది.

"అల్లుడుగారూ, మీరు ముట్టుకోకండి! మనకి అలవాటైన పనా ఇది? మీరు లోపలికొచ్చేయండి. అతను చేసేస్తాడు."

నడుం నొప్పి లేదు, వంతుల్లేవు, వీడియో లేదు. అసలు మాట ఆవిడ నోట అంత తేలిగ్గా వచ్చేసింది. మృదుల లోపల్నుంచి "అమ్మా!" అంది గానీ అది కోపంతో అన్నట్టు లేదు, బయటికి వినపడేలా ఎందుకన్నావన్నట్టుంది. సుబ్బరాజు గొట్టం వైపు చూస్తూ గొడుగు కిందే నిలబడ్డాడు. వెనక ట్రక్కులో ముసలామె అద్దం దించి చూస్తోంది.

"ఓ మై గాడ్," అంది రిషిత. "ఇట్స్ జస్ట్ ఎ హోస్. ఐ విల్ డూ ఇట్." అందరూ చూస్తుండగానే పోయి గ్లోవ్స్ తొడుక్కుంది. అవి ఆమె మోచేతుల దాకా వచ్చాయి.

సుబ్బరాజు మొహం విప్పారింది. "గుడ్ గర్ల్! నాన్నకు తగ్గ కూతురివి!" అంటూ రెండడుగులు వెనక్కి వేసి దారిచ్చాడు. పదమూడేళ్ళ పిల్లకు, ఆ గొట్టం ముందు, దారిచ్చాడు!

రాధిక ఒక్క ఉదుటున కదిలింది. కానీ కొమరయ్య ఆమెకన్నా ముందు చేరాడు. కూతురి చేతులు పట్టుకుని గ్లోవ్స్ ఒక్కొక్కటే లాగేశాడు. అతని దవడలు బిగుసుకుని ఉన్నాయి. పదిహేనేళ్ళ కాపురంలో రాధిక ఆ మొహాన్ని ఎప్పుడూ చూడలేదు.

"మా నాయన చేసిండు," అన్నాడు. "వానికి వేరే దారి లేకుండె. రెండుసార్లు నేను చేసిన, దోస్తువనుకుని. నా బిడ్డ చెయ్యది. పట్టు, సుబ్బరాజూ."

పన్నెండేళ్ళలో 'గారు' లేకుండా పిలవడం అదే మొదలు.

"ఏంటి కొమరయ్యా, జోక్‌ని పట్టుకుని ఇంత సీరియస్..."

"నేను నీ ముందల ఏడ్చింది నీకు జోక్ ఇద్దామని కాదు. పట్టమన్న!"

అరుపుకు గేటు దగ్గర గుడారాలు సర్దుకుంటున్నవాళ్ళు తలెత్తారు. ముసలామె ట్రక్కు దిగొచ్చి, సాయం కావాలా అని ఇంగ్లీషులో అడిగింది. "నో, నో, వియ్ ఆర్ ఫైన్," అన్నాడు సుబ్బరాజు. తెల్లావిడ ముందు పరువు పోతుందనుకున్నాడో ఏమో, గొడుగు ముడిచి, గ్లోవ్స్ తీసుకున్నాడు. రెండు వేళ్ళతో పట్టుకున్నాడు గానీ తొడుక్కోక తప్పలేదు. గొట్టం తగిలించడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. ఏ పిడి ముందు లాగాలని అడిగాడు. కొమరయ్య చెప్పలేదు. సుబ్బరాజు వానలో తడుస్తూ డంప్ స్టేషన్ బోర్డు మీద రాసింది చదువుకున్నాడు. కిటికీ అద్దం మూసుకుంది.

రాధికకు ఆ దృశ్యం చూస్తే చల్లబడుతుందనుకున్న కడుపు చల్లబడలేదు. ఇంకా మిస్సిసాగా దాకా ఇదే బండి, ఇవే మొహాలు. ఒక్కొక్కరినీ నిలబెట్టి కడిగేయాలని ఉంది.

కొమరయ్య కూతుర్ని బల్ల మీద కూర్చోబెట్టి తానూ కూర్చున్నాడు. తెలుగులోనే చెప్పాడు, నెమ్మదిగా. తాత ఏం పని చేశాడో, ఎట్లా చేశాడో.

"గిట్ల గొట్టాలు లేకుండె బిడ్డా. గ్లోవ్స్ లేకుండె. మోరీల దిగి చేతుల్తోని తీసేటోడు."

"విత్ హిజ్ హ్యాండ్స్?"

"ఆఁ, చేతుల్తోనే."

"బట్ వై హిమ్? వై నాట్ ఎనీబడీ ఎల్స్?"

కొమరయ్య డంప్ స్టేషన్ వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "గట్లాంటోళ్ళు ఎవ్వరు చెయ్యరు గనుక."

రిషిత సుబ్బరాజు వంక చూసింది. పిల్ల తాత మీద జాలిపడుతుందేమోనని, అసహ్యించుకుంటుందేమోనని రాధిక భయపడింది. ఆ పిల్ల కళ్ళల్లో అవేమీ లేవు. కోపం ఉంది. అచ్చం తల్లికి వచ్చే కోపమే. ఆ కోపంతోనే ఇటు తిరిగింది.

"గ్రేడ్ ఫోర్‌లో నా ఫ్యామిలీ ట్రీ ప్రాజెక్ట్, మామ్. తాత ఫొటో కింద ఏం రాయాలని అడిగాను. యూ మేడ్ మీ రైట్ 'ఆఫీసర్'."

పిల్ల చాలావరకు తెలుగులోనే అడిగింది. ఎప్పుడూ తెలుగులో అడగని పిల్ల. ఆ రోజు స్కెచ్ పెన్ను కూడా రాధికే తీసిచ్చింది. స్పెల్లింగ్ కూడా తనే చెప్పింది.

"అవును," అంది. "సిగ్గుపడి రాయించిన."