రెండో డిస్కు

షట్టర్ సగం దించిన టైపింగు, ఫొటోల దుకాణంలో కంప్యూటర్ డబ్బా విప్పబోతూ పద్మలత మెడలోని వెండి బిళ్లను జాకెట్టులోకి తోసుకుంది. వంగినప్పుడల్లా అది రేకుకు తగిలి టిక్కుమంటోంది. భర్త యుగేందర్ మొదటి భార్య దీప చనిపోయాక, ఆమె పేరు మీద రెండో పెళ్లినాడు అత్త వెంకటనర్సమ్మ కట్టిన బిళ్ల అది. "రోజూ పొద్దుగాల బొట్టు పెట్టు బిడ్డా, లేకుంటే నీ మీదికొస్తది" అంది. పాపం అత్తకు తెలియదు గానీ, దీప ఆ బిళ్లలో ఏనాడూ లేదు. ఈ కంప్యూటర్లో ఉంది. మీట నొక్కగానే తెర మీద దీప పేరే వస్తుంది. "పేరు మార్చుడెందుకు, పని నడుస్తుంది గదా" అంటాడు యుగేందర్. ఏడాదిన్నరగా పద్మలత కొట్టిన ప్రతి అక్షరమూ దీప పేరు మీదే పడుతోంది. వచ్చినవాళ్లేమో "సార్ లేడా?" అని అడిగి పోతారు.

సకల జనుల సమ్మె రోజులు. తొర్రూరుకు బస్సుల్లేవు. భూపాలపల్లిలో బొగ్గు ఆగేసరికి కరెంటుకు వేళాపాళా లేదు. ఆ కోతలకే పక్క కంప్యూటర్ డిస్కు పోయి పెళ్లి ఫొటోలన్నీ మాయమయ్యాయి. అందుకని దీనికి రెయిడ్ పెట్టమన్నాడు యుగేందర్. అంటే రెండు డిస్కుల మీదా ఒకటే రాత. ఉన్న సిస్టమ్‌ను ఉన్నట్టే కొత్త డిస్కు మీదికి ఎక్కించి, దాని మీద నడిపి చూసి, తర్వాత పాతదాన్ని తుడిచేసి జతగా కలపాలి. ఆ మాట చెప్పి ఆయన వంటావార్పుకు పోయాడు. ఇంట్లో పొయ్యి మొహం చూడని మనిషి నడిరోడ్డు మీద గంటె పట్టుకొని ఫొటో దిగుతున్నాడట. తెలంగాణ రావాలని పద్మలతకూ ఉంది. ఇంట్లో గంటె తిప్పిన చేతికి మాత్రం ఫొటో లేదు, జ్వరం ఉంది. మొన్నటి నుంచి తగ్గడం లేదు.

సిస్టమ్ కొత్త డిస్కు మీదికి ఎక్కింది. పాత డిస్కు తీగ పీకి మీట నొక్కింది. తెర నల్లగా ఆగిపోయింది. కొత్త డిస్కు మీద కూర్చొని కూడా అది లేని పాత డిస్కునే వెతుక్కుంటోంది. పద్మలత మళ్లీ తీగ కలిపి, ఎక్కడ వెతకాలో సరిచేసి, పాతదాన్ని పీకి మళ్లీ నొక్కింది. ఈసారి తెర మీద దీప వచ్చింది.

ఇదే కుర్చీలో, ఇలాంటి బంద్‌లోనే, కరపత్రాలు కొడుతూ దీప జ్వరంతో వణికిందని ఎదురుగా చాయ్ అమ్మే నీలి చెప్పింది. "దవాఖానకు పోత అన్నదక్కా. గిదొక్కటి అయినంక పోదామన్నడు నీ పెనిమిటి." ఆ పని అయ్యాక దీపను వరంగల్ తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. దానికి ఆయుష్షు లేదంటాడు యుగేందర్.

షట్టర్ కింద నుంచి ఆయన తల దూర్చాడు. "అయిందా? ఇగ పాతదాన్ని తుడిచి కలుపు."

"నాకు జరమున్నది. దవాఖానకు పోవాలె."

"గిదొక్కటి అయినంక పోదాం."

పద్మలత చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. ఆయన చూడలేదు. సంబరంగా డబ్బా మీద చరిచాడు. "రెండూ ఒక్కతీరుగ ఉంటే ఇగ పరేషాన్ లేదు. ఒకటి పోయినా ఇంకోటి నడిపిస్తది. గిరాకీకి ఫరకు గూడ తెల్వది."

భయం వేసింది ఆమెకు, దీపంటే కాదు. జాకెట్టులోంచి బిళ్లను బయటికి తీసి అందరికీ కనబడేలా వేసుకుంది. పాత డిస్కును ఊడదీసి, టవల్‌లో చుట్టి సంచిలో పెట్టుకుంది.

"గదేంది? జత లేకుంటే ఎట్ల?"

"ఒక్కదాని మీద నడుస్తది. నడుపుకో."

"పద్మా! సమ్మెల దవాఖానెక్కడుంటది?"

"సర్కారు దవాఖాన తెరిచే ఉన్నది. నువ్వు అడగలే."

వంగి షట్టర్ కింద నుంచి ఎండలోకి వచ్చింది. మెడలో బిళ్ల, భుజాన సంచి. రెండేళ్లు ఆలస్యంగా, దీప దవాఖానకు బయల్దేరింది.