కెప్టెన్‌గారి విటమిన్లు

మా పెరట్లో తీగ మీద కొన్నాళ్ళుగా బట్టలు ఆరడం లేదు, పడవ తాళ్ళు ఆరుతున్నాయి. హాల్లో సోఫాను గోడకు నెట్టేసి తెరచాప పరిచాం. దాని అంచున కూర్చుని నేనూ, మా ఆడపడుచు చిట్టీ చిరుగులకు అతుకులు వేస్తున్నాం. మావారు సోఫా మీద నిలబడి ఆజ్ఞలు ఇస్తున్నారు.

"చాప దించమంటే దించాలి. ఎందుకని అడక్కూడదు. సముద్రంలో ఎందుకులుండవు."

"ఇంట్లో మాత్రం ఉన్నాయా అన్నయ్యా?" అంది చిట్టి, పళ్ళతో దారం కొరుకుతూ.

"ఆ దారం కొరకొద్దని ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాడు పక్కనుంచి ఆమె భర్త. ఆయన పళ్ళ డాక్టరు.

పడవలో మేం నలుగురమే. ఎవరో వదిలేసిన పడవను మావారు కొని, ప్రతి సెలవురోజూ దాని కింద పడుకుని బాగుచేశారు. ఇంతవరకూ పందేలన్నీ తీరం కనిపించేంత దూరంలోనే. నడిసముద్రంలో పందేనికి వెళ్ళడం ఇదే మొదటిసారి. పెళ్ళయిన కొత్తలో ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న, ఈత వచ్చా అని. అప్పుడు అర్థం కాలేదు.

పడవలో అంటించిన కాగితాలు తడికి ఊడిపోతాయని, డబ్బాల మీదా స్టీలు గ్లాసుల మీదా గోళ్ళరంగుతో నేనే పేర్లు రాశాను. ఆయన గ్లాసు మీద 'కెప్టెన్' అని రాయించుకున్నారు. అక్షరాలు చిన్నవయ్యాయని రెండోసారి కూడా దిద్దించారు.

మా కెప్టెన్‌తో ఒకటే చిక్కు. పడవ కేబిన్‌లోకి దిగితే చాలు, ఆయన మొహం పచ్చి అరటికాయ రంగుకు వస్తుంది. అందుకే ఎప్పుడూ దిగరు. స్టవ్ చూడాలన్నా, మ్యాపు చూడాలన్నా, "కెప్టెన్ చోటు పైనే" అంటారు. కాలి పక్కన మాత్రం నీలం బకెట్ ఒకటి ఉంచుకుంటారు. దేనికంటే, చేపలు దొరికితే వేసుకోవడానికట. మా పడవలో గాలం లేదు. అలలకు ఆయనకు వికారమని మా ముగ్గురికీ తెలుసు. ఒకరితో ఒకరం కూడా అనుకోలేదు.

పందేనికి పేరు ఖాయం కావాలంటే, కెప్టెన్ ముందుగా ఒకరోజు తీరం కనపడనంత దూరం పడవ నడిపి చూపించాలి. తిరిగొచ్చాక పందెం నడిపే పెద్దాయన ప్రశ్నలడుగుతారు. ఆయన మెచ్చకపోతే ఈ ఏటికి ఇంతే. అంత దూరంలో అలలు పైనున్నవాళ్ళను కూడా వదలవు. మావారు అన్నం సరిగా తినడం మానేశారు.

ఆ రోజు పొద్దున్నే జెట్టీ మీద కాఫీతో పాటు ఒక మాత్ర ఆయన చేతిలో పెట్టాను.

"ఏంటిది?"

"విటమిన్. ఈమధ్య నీరసంగా ఉంటున్నారు."

మాత్ర మింగించాలంటే మా ఇంట్లో యుద్ధమే జరుగుతుంది. అలాంటిది కిక్కురుమనకుండా మింగేశారు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

తీరం కనుమరుగు కాకముందే మా కెప్టెన్ ఆవులించారు. తర్వాత ఇంకోసారి. "కాస్త కింద పడుకుంటా, గాలి మారితే లేపండి," అంటూ తనంతట తానే కేబిన్‌లోకి దిగారు. మేం ముగ్గురం నోళ్ళు తెరుచుకుని చూశాం. గాలి మారింది. లేపాం. లేవలేదు.

"వదినా, నువ్వేమైనా ఇచ్చావా?" అంది చిట్టి.

"వికారానికి మాత్ర. విటమిన్ అని చెప్పి."

"అయ్యో, నేను గొంతుకి మంచిదని ఇచ్చానే!"

ఇద్దరం డాక్టరు వైపు తిరిగాం. ఆయన నీళ్ళు నమిలి, "నేను చిగుళ్ళకని చెప్పాను," అన్నాడు. మావారి జేబులో అవే మాత్రలున్న, సగం ఖాళీ అయిన అట్ట దొరికింది. అంటే ఆయన సొంతానికీ ఒకటి వేసుకున్నారు.

డాక్టరు నాడి చూసి, కనురెప్పలెత్తి చూసి, "భయం లేదు చెల్లెమ్మా, బాగా నిద్రపోతాడంతే," అన్నాడు. దొర్లి పడకుండా నా చున్నీతో ఆయన్ను బల్లకు కట్టాం. చిట్టి చుక్కాని పట్టుకుంది. మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా తిరిగితే సగం చాప దించమని అరిచింది. అంత చక్కగా సర్దుకున్న నా డబ్బాలన్నీ ఒక మూలకు వచ్చిపడ్డాయి. ఇంత గోలలోనూ కింద గురక ఆగలేదు. మొహం రంగు కూడా మారలేదు.

జెట్టీ కనిపిస్తుండగా ఆయన లేచారు. జరిగింది చెప్పాం.

"అందరివీ ఎందుకు మింగారండీ?" అన్నాను.

"వద్దంటే, ఆ మాత్ర ముందే వేసుకున్నానని చెప్పాలి కదా!"

పెద్దాయనకు ఏం చెప్పాలో ముగ్గురం కలిసి గబగబా నేర్పించాం. మావారు మాకు పాఠంలా అప్పజెప్పారు కూడా.

"మధ్యాహ్నం గాలి తిరిగినప్పుడు ఏం చేశారు కెప్టెన్?" దిగగానే పెద్దాయన అడిగారు.

మావారు నోరు తెరిచారు. అప్పుడే చిట్టి పక్కన తాడు చుడుతోంది. ఆమె అరచేతులు కందిపోయి ఉన్నాయి. ఆయన వాటినే చూస్తూ ఉండిపోయారు.

"నిద్రపోయాను సార్."

"గాలి తిరిగినప్పుడా?"

"వెళ్ళినప్పటి నుంచీ. పడవ నడిపింది మా చెల్లెలు."

డాక్టరు తల పట్టుకున్నాడు. పెద్దాయన చిట్టిని పిలిచి అడిగారు. బళ్ళో లెక్కలు చెప్పే మనిషి కదా, గాలి ఎటు తిరిగింది, చాప ఎంత దించింది, ఎందుకు దించింది, అన్నీ విడమరిచి చెప్పింది. చివరికి ఆయనే చాలమ్మా అన్నారు.

"ఈమె కెప్టెనైతే మీ పడవకు అనుమతి ఇస్తాను. మీరు సిబ్బందిలో వెళ్ళచ్చు."

మావారు "సరే" అన్నారు.

ఇంటికి రాగానే గోళ్ళరంగు తుడిచే సీసా ఎక్కడుందని అడిగారు. తీసిచ్చాను. వంటింటి గట్టు దగ్గర నిలబడి 'కెప్టెన్' అన్న అక్షరాలు ఒక్కొక్కటే తుడిచి, చిట్టి పేరున్న గ్లాసు నా ముందుకు జరిపారు.

"దీని మీద రాయి. పెద్దగా రాయి. అది చిన్నక్షరాలు ఒప్పుకోదు."

పందెం రోజు జెట్టీ మీద ఆయన చేతిలో మాత్ర పెట్టాను.

"ఇది విటమిన్ కాదు."

"తెలుసులే." చిట్టినీ డాక్టరునూ మార్చి మార్చి చూశారు. "ఇంకెవరైనా ఇచ్చేదుందా?"

ఇద్దరూ ఖాళీ చేతులు చూపించారు.

పడవ కదిలింది. చిట్టి చుక్కాని దగ్గర నుంచి, "అన్నయ్యా, ఆ తాడు లాగు," అని కేకేసింది.

"ఇప్పుడే ఎందుకూ?"

ముగ్గురం ఆయన వైపు చూశాం. ఆయన నోరు మూసుకుని తాడు లాగారు. లాగుతూనే నీలం బకెట్‌ను కాలితో కాస్త దగ్గరికి జరుపుకుని, "చేపలకి కాదు," అన్నారు.