రోజూ మునిగే ఓడ

నేను ఒక పాత మూగ సినిమా రీలును. పాత రీళ్లను కరిగించి గాజులు చేసే కార్ఖానా మూలన, కరగడానికి వరుసలో పడి ఉన్నాను. పేరడక్కండి, పేరున్న ముక్క ఎప్పుడో చిరిగిపోయింది. రేవు వదిలే ఓడ, కత్తులు దూసే దొంగలు, చివర్లో తుఫాను, ఇదీ నా కథ. గుట్టు చెప్పేస్తున్నాను: ఆ సముద్రం ఒక సిమెంటు తొట్టి, ఆ తుఫాను గాలి కోసం ఇద్దరు మనుషులు ఊపిన తడక. తీసినవాళ్లలో ఒక్కడికీ ఈత రాదు!

ఊళ్లన్నీ తిరిగి భీమిలిలో ఒక డేరా సినిమాకు చేరాను. జనం వస్తే ఉంచుతానని, లేకపోతే గాజులవాడికి అమ్మేస్తానని యజమాని జగ్గారావు తెగేసి చెప్పాడు. చేత్తో యంత్రం తిప్పే కాంతయ్యకు నేనంటే ప్రాణం. పాపం, భయపడుతూనే తిప్పాడు.

వచ్చినవాళ్లంతా పడవలవాళ్లు. వాళ్ల ముందా నా వేషాలు? ముందు వరసలోంచి పోలమ్మ అనే ఆవిడ లేచి, "అదేటి బావూ, తెరసాప ఇటుబ్బింది, జెండా అటెగురుతాంది. గాలి రెండేపులా కొడతాదేటి?" అని అడిగేసింది. డేరా గొల్లుమంది. నా పరువు కాస్తా పోయింది. తీరా ఓడ మునగబోతుంటే చుక్కాని పట్టినవాణ్ణి తిట్టడం మొదలుపెట్టిందీ ఆవిడే. ఇటు తిప్పమని, తెరచాప దించమని అందరూ అందుకున్నారు. ఓడ మునిగింది. దాన్ని కాపాడడానికి మర్నాడు మళ్లీ వచ్చారు! బొమ్మ ఓడని తెలిసి కూడా, సరిగ్గా చెబితే ఆ చుక్కానివాడు వింటాడని వాళ్ల నమ్మకం. అలా నెల రోజులు డేరా నిండింది.

పోలమ్మ ఒక్క ఆటా మానలేదు. నిరుటి గాలివానలో ఆవిడ పెనిమిటి పడవ తిరిగి రాలేదని కాంతయ్యకు ఆలస్యంగా తెలిసింది.

ఆ సాయంత్రం ఓడ ఒరగగానే అతను యంత్రం పిడిని వెనక్కి తిప్పాడు. ఓరి నీ తెలివి కాల్చా, ఓడ దక్కితే రేపెవడొస్తాడు అనుకున్నాను. అలలు తగ్గాయి, తుఫాను సర్దుకుంది, ఓడ వెనక్కి నడుచుకుంటూ రేవు చేరింది. జెండాలో కూడా తప్పు పట్టిన ఆ జనం ఈ వెనక నడకను మాత్రం తప్పు పట్టలేదు.

పోలమ్మ కళ్లు తుడుచుకుంది. "పోన్లే బావూ, ఒక్కటైనా ఒడ్డుకొచ్చింది," అంది.

మర్నాడు డేరాలో ఈగలు తోలుకున్నాం. జగ్గారావు తిట్లన్నీ కాంతయ్య తలవంచుకుని తిన్నాడు, చేసిన పని మాత్రం చెప్పలేదు. నన్ను గాజులవాడి బస్తాలో సర్దింది కూడా అతనే. నాకు కోపం రాలేదు. ఇన్నేళ్లూ ఊరూరా ఆ ఓడను ముంచుతూనే ఉన్నాను. ఒడ్డుకు చేర్చింది ఆ ఒక్క సాయంత్రమే.