తడి బొగ్గు

బొగ్గు పరీక్షల గదిలో పనిచేసే ఆవిడతో ఆమె బావ మాట్లాడి మూడు వారాలైంది. ఆయన అదే కరెంటు కంపెనీలో పాత బాయిలరుకి ఆపరేటరు. వదిలే పొగలో ప్రతి టన్నుకీ కంపెనీ చేతిలో ఒక సర్కారు పర్మిట్ ఉండాలని రూలు. మరదలు బొగ్గులో కార్బన్ ఎంతుందో రాసిచ్చిన లెక్క ప్రకారం ఈ ఏడాది పర్మిట్లు పదో వంతు తక్కువ పడ్డాయి. పొగ తగ్గించుకున్న కంపెనీల దగ్గర కొందామంటే వాళ్లు ధర చెప్పి చుక్కలు చూపించారు. దాంతో వచ్చే శుక్రవారం పాత బాయిలరు ఆపేయాలని పైవాళ్లు తేల్చేశారు.

"ఇరవై రెండేళ్లుగా నేను నడిపిన బాయిలర్ని ఒక్క కాగితంతో ఆర్పేసింది," అని బావ అక్క దగ్గర వాపోయాడట. కాగితానికేం, హాయిగా ఫైల్లో ఉంది. రాసిన మనిషికే అన్నం సహించడం లేదు.

బుధవారం పొద్దున ఆవిడ ఎప్పటిలాగే వంద గ్రాముల బొగ్గు తూచి ఓవెన్‌లో ఆరబెట్టింది. బయటికి తీస్తే ఎనభై నాలుగు. ఆరుబయట తడిసే బొగ్గు కదా, మిగతాదంతా నీళ్లే. ఫారం ముందుకు లాక్కుంది. పాత ఫారంలో తడికొక గడి, పొడికొక గడి ఉండేవి. ఏడాది కింద వచ్చిన కొత్తదాంట్లో గడి ఒక్కటే. అందులో ఆవిడ అలవాటుకొద్దీ పొడి బొగ్గులో కార్బన్ ఎంతుందో అదే రాస్తూ వచ్చింది. ఆ లెక్కతో గుణించేది బాయిలర్లోకి వెళ్లే బెల్టు మీది బొగ్గు బరువుని, దాన్ని తూచేదేమో తడిగా! అంటే ఏడాదిగా కంపెనీ వాన నీళ్లకి కూడా పర్మిట్లు లెక్కగడుతోందన్నమాట.

తప్పు తనదే. చెబితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. చెప్పకపోతే అక్క మొహం ఎలా చూడటం?

నోటుబుక్కు చంకన పెట్టుకుని తిన్నగా పర్మిట్ల లెక్కలు సరిచూసే తనిఖీ అధికారి దగ్గరికి నడిచింది. రోజువారీ తడి బరువులు, పొడి బరువులు అన్నీ అందులో ఉన్నాయి. ఆయన మధ్యాహ్నం దాకా పేజీలు తిప్పి, కళ్లజోడు తుడుచుకున్నాడు.

"పర్మిట్లు సరిపోతాయమ్మా. కొన్ని మిగులుతాయి కూడా."

మేనేజరు చెడామడా తిట్టి, ఆ వెంటనే మంచినీళ్లిచ్చాడు. "శుక్రవారం బాయిలరు ఆపక్కర్లేదు. కానీ వచ్చే ఏడు పర్మిట్లు ఇంకా తగ్గిస్తారు. పొగ తగ్గించే దారి మనం చూసుకోవాల్సిందే," అన్నాడు. ఉద్యోగం ఊసెత్తలేదు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం బావ ఆవిడ ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"తప్పు రాశావట?"

"రాశాను బావా."

"మూడు వారాలు నిద్రలేకుండా చేశావు కదే!" స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "టీ అన్నా పొయ్యి."

పోసింది. ఆయన గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు.

"ఎవరూ అడక్కుండానే ఒప్పుకున్నావట. నేనైతే నోరు విప్పేవాణ్ణి కాదు, మరదలా."