కోల్మన్ ఏ రోజున పుట్టాడు

పద్దెనిమిదేళ్లకే ఇంగ్లండ్‌కి కూలిపనికి వెళ్లిన కోల్మన్ టూహీ ఇంటికి రెండు ఉత్తరాలు రాసి, ఆ తర్వాత అయిపూ అజా లేకుండా పోయాడు. "నేను పోయేలోగా నా తమ్ముడి సంగతి తేల్చమ్మా" అన్నాడు తొంభై ఏళ్ల మలాకీ, కూతురు డింప్నాతో. టీచరుగా రిటైరైన డింప్నా ఆ పని నెత్తికెత్తుకుంది.

ఐర్లండ్‌లోని తమ గాల్వేలో కోల్మన్ జనన రిజిస్టరు నకలు తీయించింది. 1934 మార్చి 20. ఆ తేదీ పట్టుకుని ఇంగ్లండంతా వాకబు చేస్తే, కవెంట్రీలో ఒక వృద్ధాశ్రమం నుంచి ఉత్తరం వచ్చింది. కోల్మన్ టూహీ అనే పెద్దాయన తమ దగ్గర ఉన్నాడట. గాల్వే మనిషినంటాడట. పుట్టింది మాత్రం జనవరి 9 అంటాడట.

తేదీ కలవలేదు. "మావాడు కాదండీ" అని డింప్నా ఆ రోజే జవాబు రాసేసింది. లేనిపోని ఆశ ఎందుకని తండ్రికి చెప్పలేదు.

రెండేళ్ల తర్వాత డింప్నా వేరే పని మీద వెళ్తే, ఊరి ఫాదర్ గిల్డియా చర్చిలోని పాత బాప్తిస్మం పుస్తకం తెరిచి చూపించాడు. కోల్మన్ బాప్తిస్మం 1934 జనవరి 11. పుట్టకముందే!

ఫాదర్ నవ్వాడు. "మీ తాత విత్తనాల పనిలో పడి పుట్టుక రాయించడానికి ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లుంటాడు. మూడు నెలలు దాటితే జరిమానా కదా, తేదీనే ఇవతలికి జరిపేశాడు. అప్పట్లో సగం ఊరు అంతేనమ్మా. మా అమ్మకైతే మూడు పుట్టినరోజులు!"

డింప్నా బయటికొచ్చి, కారులో కూర్చుని కవెంట్రీకి ఫోన్ చేసింది.

"ఆయన నవంబరులో పోయారండీ" అంది నర్సు. "మీకు రాశామని తెలిసి వారం రోజులు టై కట్టుకుని కూర్చున్నారు పాపం."

"తర్వాత?"

"మీ జవాబు చదివి వినిపించాం."

ఇంటికెళ్లి తండ్రికి అంతా చెప్పింది. మలాకీ తన మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు.

"జనవరేనే. నాకప్పుడు ఏడేళ్లు. మంత్రసాని కోసం నన్నే పరిగెత్తించారు. మంచులో జారిపడి మోకాలు చీరుకుపోయింది. ఒక్కమాట నన్నడగలేకపోయావా తల్లీ?"

"కాగితం ఉంది కదా అనుకున్నాను నాన్నా."

మలాకీ ఆ తర్వాత నాలుగు నెలలు బతికాడు. కూతుర్ని పల్లెత్తు మాట అనలేదు. టీ ఇచ్చినా, దుప్పటి కప్పినా, పరాయి ఇంట్లో ఉన్నవాడిలా "థాంక్యూ" అనేవాడు. తిట్టినా బాగుండునని ఆమె రోజూ ఎదురుచూసింది. ఆయన తిట్టలేదు.